బూట్ ఇమేజ్‌లో పొదుపు వద్దు
లినక్స్ కెర్నల్ లేచాక అసలు డిస్కును చేరడానికి కావలసిన డ్రైవర్లు, స్క్రిప్టులు ఇనిట్‌రామ్‌ఎఫ్‌ఎస్ అనే చిన్న ఇమేజ్‌లో ఉంటాయి. డెబియన్ ఇనిట్‌రామ్‌ఎఫ్‌ఎస్-టూల్స్‌లో దీని డిఫాల్ట్ సెట్టింగ్ ‘మోస్ట్’. సాధారణంగా అవసరపడే డ్రైవర్లలో చాలావరకు అందులో చేరిపోతాయి. సైజు తగ్గుతుందని కొందరు దాన్ని ‘డెప్’కు మారుస్తారు. అప్పుడు ఆ ఒక్క మెషీన్‌కు కావలసినవే మిగులుతాయి. రేపు మదర్‌బోర్డు పాడై అదే డిస్కును వేరే కంప్యూటర్‌కు తగిలిస్తే, అక్కడి స్టోరేజ్ డ్రైవర్ ఇమేజ్‌లో లేకపోవచ్చు. డేటా అంతా క్షేమంగా ఉన్నా సిస్టమ్ బూట్ కాదు. కొన్ని పదుల మెగాబైట్ల కోసం ఈ ప్రమాదం కొనితెచ్చుకోవడం తప్పు. బూట్ పార్టిషన్ మరీ ఇరుకైతే తప్ప ‘మోస్ట్’నే ఉంచండి. మార్చక తప్పకపోతే, పాత కెర్నల్‌నూ దాని ఇమేజ్‌నూ చెరపకండి. కొత్తదానిలో ఏమేం చేరాయో ‘ఎల్‌ఎస్‌ఇనిట్‌రామ్‌ఎఫ్‌ఎస్’ కమాండ్‌తో చూసుకున్నాకే రీబూట్ చేయండి.