ఆయన చెప్పిన మాటలు, చెప్పని మాటలు



ఇంగ్లీషు క్రైస్తవ పుస్తకాలలోను, ప్రసంగాలలోను, ఇప్పుడు మన పిల్లల సెల్‌ఫోనులకు వచ్చే సందేశాలలోను ఒక పేరు తరచుగా కనబడుతుంది. అది సి. ఎస్. లూయిస్ గారి పేరు. పైన ఒక మంచి మాట, క్రింద ఆయన పేరు ఉంటాయి. అయితే ఆ మాటలలో కొన్ని ఆయన ఎన్నడూ వ్రాయనివి. ఈ నెల ఆ సంగతిని మనము కలిసి ఆలోచిద్దాము.

లూయిస్ గారు 1898లో ఐర్లాండులోని బెల్‌ఫాస్ట్ పట్టణములో జన్మించారు. తొమ్మిదేండ్ల ప్రాయములో తల్లిని పోగొట్టుకొన్నారు. యౌవనములో దేవుడు లేడని వాదించారు. ఆక్స్‌ఫర్డ్ విశ్వవిద్యాలయములో ఇంగ్లీషు సాహిత్యము బోధిస్తూ 1931లో క్రీస్తును విశ్వసించారు. 1950 నుండి 1956 వరకు పిల్లల కొరకు ఏడు నార్నియా కథల పుస్తకాలు ప్రచురించారు. వాటిలో మొదటిగా వెలువడిన పుస్తకములో అస్లాన్ అనే సింహము, ద్రోహము చేసిన ఒక బాలునికి బదులుగా తన ప్రాణము పెట్టి తిరిగి లేస్తుంది. ఆ కథలను లోకమంతటా పిల్లలు ప్రేమించారు. అంత ప్రియమైన పేరు గనుకనే ఎవరెవరి మాటలో దాని క్రింద చేరిపోయాయి.

ఒక మాట చూడండి. తన్ను తాను తక్కువగా తలంచుట వినయము కాదు, తన్ను గూర్చి తక్కువసార్లు తలంచుటయే వినయము అని దాని భావము. ఇది లూయిస్ గారి మాటగా చెలామణి అవుతున్నది. ఈ వాక్యము అమెరికా పాస్టరు రిక్ వారెన్ గారు 2002లో ప్రచురించిన పుస్తకములో ఉన్నది. లూయిస్ గారు 1952లో వెలువడిన ‘మియర్ క్రిస్టియానిటీ’లో వినయమును మరొక విధముగా చూపించారు. నిజముగా వినయము గలవాడు ‘నేనెంతటివాడను’ అని చెప్పుకొంటూ తిరగడట. మీరు చెప్పేది శ్రద్ధగా వినే సంతోషవంతుడుగా కనబడతాడట. మన సంఘములలో అటువంటి పెద్దలు ఒకరిద్దరు మీకు జ్ఞాపకము రావచ్చును. ఈ రెండు మాటలు దగ్గరివే గనుక ఇక్కడ పెద్ద నష్టము లేదు.

రెండవ మాటలో నష్టమున్నది. మనకు ఆత్మ ఉన్నదనుట తప్పు, మనమే ఆత్మ, శరీరము మనకున్న ఒక వస్తువు మాత్రమే అని దాని సారాంశము. లూయిస్ గారి ఏ పుస్తకములోను ఇది లేదు. ఆయన పుట్టకమునుపే, 19వ శతాబ్దములో, స్కాట్లాండు రచయిత జార్జ్ మాక్‌డొనాల్డ్ గారి పేరున ఇటువంటి మాట అచ్చయినది. లూయిస్ గారు వ్రాసినది దీనికి ఇంచుమించు వ్యతిరేకము. దేహము మంచిదే, దేవుడు పదార్థమును ఇష్టపడతాడు, ఎందుకనగా దానిని కలుగజేసినది ఆయనే అని ‘మియర్ క్రిస్టియానిటీ’లో బోధించారు. రొట్టె, ద్రాక్షారసము వంటివాటిని దేవుడు వాడుకొనుట అందుకేనని వివరించారు.

ఇది పండితుల గొడవ కాదు. మన ఇంట ఒకరు నిద్రించినప్పుడు ఆ దేహమును కడిగి, మంచి బట్టలు కట్టి, పాటలు పాడుచు భూస్థాపనకు తీసుకొని వెళ్లుదుము. పనికిరాని గుల్లను పారవేయుటకు కాదు. శరీర పునరుత్థానమును నమ్ముదుమని ప్రతి ఆదివారము ఒప్పుకొనే మనము, సమాధి దగ్గర నిలువబడిన తల్లికి శరీరము వట్టి వస్తువని చెప్పవచ్చునా?

మరికొన్ని మాటలు నిజముగా ఆయనవే, గాని సగమే చెప్పబడతాయి. 1940లో బాధను గూర్చిన పుస్తకములో, చెవిటిదైన లోకమును మేల్కొలుపుటకు దేవుడు వాడే మైకు వంటిది బాధ అని ఆయన పోల్చారు. ఈ పోలిక చాలా ప్రసిద్ధి. అయితే 1960లో భార్య జాయ్ గారు క్యాన్సరుతో మరణించిన తరువాత, మారుపేరుతో 1961లో ఒక చిన్న పుస్తకము ప్రచురించారు. దేవుని తలుపు తట్టితే లోపల గడియ వేసిన శబ్దము వినబడినట్లున్నదని అందులో మొర పెట్టుకొన్నారు. మొదటిది మాత్రమే చదివినవారు దుఃఖపడువారికి తొందరపడి పాఠము చెప్పుదురు. రెండవదానిలో ఆ ఒక్క మొరనే పట్టుకొన్నవారు ఆయన విశ్వాసము విడిచెనందురు. ఆ చిన్న పుస్తకమును చివరివరకు చదివినవారు ఆ తలుపు మూయబడియే ఉండలేదని ఆయన గ్రహించుట చూతురు.

ఇంకొక సంగతి. 1942లో వెలువడిన ‘స్క్రూటేప్ లెటర్స్’లో ఒక పెద్ద దయ్యము చిన్న దయ్యమునకు ఉత్తరాలు వ్రాస్తుంది. అందులో దేవునికే ‘శత్రువు’ అని పేరు! దయ్యము అబద్ధికుడని మరువవద్దని లూయిస్ గారే ముందుమాటలో హెచ్చరించారు. దాని మాటను ఆయన ఉపదేశముగా చెప్పుట, యోబు స్నేహితుల మాటను దేవుని తీర్పుగా చెప్పినట్లే (యోబు 42:7).

కాబట్టి ఒక మాట చేతికి వచ్చినప్పుడు మూడు సంగతులు అడుగుదము. ఇది ఏ పుస్తకములోనిది? అందులో ఎవరు పలికినది? దాని ముందు వెనుక ఏమున్నది? జవాబు దొరకనియెడల, మాట మంచిదైతే ‘ఒకరు చెప్పినట్లు’ అని చెప్పుకొందుము. పేరు తగిలించకపోయినంత మాత్రాన మంచిమాట చెడిపోదు. పౌలు చెప్పిన సంగతులను సయితము బెరయవారు లేఖనములతో సరిచూచిరి, అందుకు వారిని ఎవరును గద్దించలేదు (అపొ. కా. 17:11).

ఈ నెల కుటుంబ ప్రార్థనలో మీ ఇంట తరచుగా వినబడే ఒక మాటను తీసికొని, అది ఎక్కడిదో పిల్లలతో కలిసి వెదకండి. తనకు తాను సహాయము చేసుకొనువానికే దేవుడు సహాయము చేయుననే మాటతో మొదలుపెట్టవచ్చును. అది బైబిలులో ఎక్కడ ఉన్నదో పిల్లలనే వెదకమనండి. వారు ఆదికాండము నుండి ప్రకటన వరకు వెదకినను అది దొరకదు. ఆ వెదకుటలో వారికి దొరికేవి మాత్రము చాలా ఉండును.