బకెట్ పట్టిన చేతులకు బాధ్యులెవరు?

సైనిక్‌పురి హాస్టల్‌లో ఉండే మాకు సముద్రం దూరమే. కానీ అక్కడ చమురు తెట్టు ఎత్తే చేతులు మా అమ్మానాన్నల చేతుల్లాంటివే.

2017 జనవరి 28న చెన్నై దగ్గర ఎన్నూరు తీరంలో రెండు ఓడలు ఢీకొన్నాయి. ఒడ్డుకు చేరిన నల్లటి జిడ్డును జనం బకెట్లతో తోడారు. 2023 డిసెంబరులో మిచౌంగ్ తుఫాను వరదలతో పాటు మణలి చమురు శుద్ధి కర్మాగారం వైపు నుంచి నూనె ఎన్నూరు వాగులోకి వచ్చింది. అప్పుడూ మత్స్యకారులే చేతులతో, మగ్గులతో ఎత్తిపోశారు. ఒళ్ళు దురదలనీ, కళ్ళు మంటలనీ, ఊపిరాడడం లేదనీ తీరవాసులు మొత్తుకున్నారు.

చమురు ఆవిరిలో బెంజీన్ వంటి విషాలుంటాయి. బెంజీన్‌ను ఏళ్ళ తరబడి పీలిస్తే రక్త క్యాన్సర్ రావచ్చు. అమెరికాలో 2010 గల్ఫ్ ప్రమాదం తర్వాత దాదాపు 33 వేల మంది ఆరోగ్యాన్ని ఏళ్ళ తరబడి పరిశీలించారు. శుభ్రం చేసిన వారిలో ఆవిరి ఎక్కువ సోకినవారికి ఉబ్బసం లక్షణాలు ఎక్కువని తేలింది.

మిత్రులారా, సేవ గొప్పదే. కానీ గ్లవుజులు, మాస్కు, బూట్లు లేకుండా ఎవరినీ దింపకూడదు. దిగిన ప్రతి ఒక్కరి పేరూ రిజిస్టరులో రాయాలి, ఏటా ఉచితంగా పరీక్షలు చేయించాలి. కూలి ఇచ్చినంత మాత్రాన బాధ్యత తీరదు. చదువుకున్న మనమే ఈ మాట గట్టిగా అడగాలి.