గారెచిల్లులోంచి

డాక్టరుగారు చీటీమీద రెండక్షరాలు రాసి నా చేతిలో పెట్టారు: సీ.టీ. వారం రోజులుగా కడుపులో ఎడమపక్క మెలిపెడుతున్న నొప్పి కాస్తా ఆ క్షణాన గుండెల్లోకి ఎక్కింది. మా నాన్నగారు 1991లో కడుపునొప్పితోనే పోయారు. మా ఊరి డాక్టరు చేత్తో నొక్కి చూసి, "గడ్డలా ఉంది" అన్నాడు. అది గడ్డో కాదో, ఎక్కడుందో, ఎంతుందో చూపించే సాధనం మా దరిదాపుల్లో లేదు. అంచేత ఆ చీటీ పట్టుకుని ఇంటికి వస్తుంటే నాకు ఏమేం తోచిందో పాఠకులు ఊహించుకోగలరు.

తెలుగు మేష్టర్ని గనక, భయం వేస్తే ముందు నిఘంటువు తీస్తాను. ఆ అక్షరాల పూర్తి పేరు కంప్యూటెడ్ టోమోగ్రఫీ. గ్రీకులో 'టోమోస్' అంటే కోసిన ముక్క. 'గ్రాఫీన్' అంటే రాయటం. అంటే కత్తి పెట్టకుండా మనిషిని అరటికాయ చక్రాల్లా తరిగి, ఒక్కొక్క చక్రాన్నీ బొమ్మ గీసి చూపించే విద్య అన్నమాట! మామూలు ఎక్స్‌రేలో ముందున్నదీ వెనకున్నదీ ఒకదానిమీద ఒకటి పడి నీడలు కలిసిపోతాయి. ఇక్కడ ఎక్స్‌రే గొట్టం మన చుట్టూ గిర్రున తిరుగుతుంది. అన్ని దిక్కులనుంచీ వచ్చిన లెక్కలను కంప్యూటరు కలిపి, ఏ చక్రంలో ఏముందో తేలుస్తుంది. ఇంగ్లండులో హౌన్స్‌ఫీల్డ్ అనే ఇంజనీరు దీన్ని తయారుచేస్తే, 1971 అక్టోబరు 1న లండన్‌లో మొదటిసారి ఒక రోగి తలను చూశారు. ఆయనకూ, విడిగా దీని గణితం తేల్చిన కార్మాక్‌కూ కలిపి 1979లో నోబెల్ బహుమతి ఇచ్చారు.

మా పక్కింటాయన మాత్రం, "గుహలాంటి దాంట్లో పడుకోబెడతారు మేష్టారూ, అరగంటసేపు ఒకటే టకటక మోత" అని ధైర్యం చెప్పి వెళ్ళాడు. పాపం, ఆయన చెప్పింది అయస్కాంతంతో చేసే ఎం.ఆర్.ఐ. సంగతి. ఆ తేడా నాకు మర్నాటిదాకా తెలియలేదు. రాత్రంతా నిద్ర లేదు.

పరీక్షకు నాలుగు గంటల ముందునుంచీ తిండి మానమన్నారు. మంచినీళ్ళు తాగవచ్చన్నారు. ఇది పరీక్షను బట్టి మారుతుంది. చేసేవాళ్ళు చెప్పిందే మనకు వేదం. ముందురోజే రక్తం తీసి క్రియాటినిన్ చూశారు. బొమ్మ స్పష్టంగా పడటానికి నరంలోకి ఎక్కించే అయోడిన్ మందు మూత్రపిండాల ద్వారానే బయటికి పోవాలి గనక, అవి సరిగా పనిచేస్తున్నాయో లేదో ముందు తెలియాలి.

ఇక నా అసలు బండారం చెప్పక తప్పదు. ఆర్నెల్ల క్రితం కాలేజీలో రక్తపరీక్షలు చేసినప్పుడు నాకు షుగరు ఉందని తేలింది. మెట్‌ఫార్మిన్ మాత్రలు తెచ్చుకుని, మహాభారతం అరణ్యపర్వం వెనక దాచాను. మా ఆవిడ బెంగపెట్టుకుంటుందని నాకు నేను చెప్పుకున్న కారణం. నిజమైన కారణం పూతరేకులు. డాక్టరుగారు "మందులేమైనా వాడుతున్నారా?" అని అడిగినప్పుడు కూడా, ఆవిడ పక్కనే ఉంది గనక, "అబ్బే!" అన్నాను.

స్కానింగు చోట ఒక కాగితం నింపమన్నారు. షుగరు ఉందా? మూత్రపిండాల జబ్బుందా? ఉబ్బసముందా? ఇదివరకు ఈ సూదిమందు పడకపోవటం జరిగిందా? ఏ మందులు వాడుతున్నారు? నేను షుగరు దగ్గర "లేదు" అని రాయబోతున్నాను. మా ఆవిడ చేతిసంచీలోంచి నా మాత్రల అట్ట తీసి కాగితంమీద పెట్టింది.

"ఇది నీ దగ్గరికెలా వచ్చింది?" అన్నాను.

"మీ అరణ్యపర్వం దుమ్ము దులిపేది ఎవరనుకున్నారు?" అంది నెమ్మదిగా. "మీరే చెబుతారని చూశాను. ఇవాళ కూడా చెప్పకపోతే ఎలాగండీ?"

నేను తలెత్తలేదు. "లేదు" కొట్టేసి "ఉంది" అని రాశాను. అక్కడి డాక్టరు క్రియాటినిన్ చూసి, మూత్రపిండాలు బాగానే ఉన్నాయి గనక మాత్ర మానక్కర్లేదన్నారు. అవి బాగా దెబ్బతిన్నవాళ్ళకు సూది తర్వాత 48 గంటలు ఆపిస్తారట. అది డాక్టరు తేల్చవలసిన మాట, మనకు మనం తేల్చుకునేది కాదు. ఇన్సులిన్ వేసుకునేవాళ్ళు ఉపవాసం సంగతి ముందే అడగాలన్నారు. గర్భం ఉన్నా, ఉందేమోనన్న అనుమానమున్నా అది కూడా చెప్పి తీరాలి.

మెళ్ళో గొలుసూ, నడుముకున్న బెల్టూ, మొలతాడుకున్న వెండి తాయెత్తూ తీసేయమన్నారు. లోహం కిరణాలకు అడ్డుపడి బొమ్మమీద చారలు పడతాయట. గదిలోకి వెళ్ళి చూద్దును గదా, గుహా లేదు, సొరంగమూ లేదు! నిలబెట్టిన పెద్ద గారె! చిల్లులోంచి బల్ల ముందుకూ వెనక్కూ జరుగుతుంది. సూదిమందు ఎక్కుతుండగానే ఒళ్ళంతా వెచ్చబడింది. నోట్లో రాగిచెంబు నాకినట్టు రుచి. బట్టలు తడిశాయేమోనన్న భ్రాంతి కూడా కలిగింది. అది భ్రాంతేనని అక్కడి అమ్మాయి ముందే చెప్పి ఉండకపోతే సిగ్గుతో చచ్చిపోదును. "ఊపిరి బిగపట్టండి... వదలండి" అంటూ యంత్రం ఆజ్ఞాపించింది. కదిలితే బొమ్మ చెదురుతుంది. కొన్ని సెకన్లలో పని అయిపోయింది. దద్దురు గాని, దురద గాని, ఆయాసం గాని వస్తే వెంటనే చెప్పమని కాసేపు కూర్చోబెట్టి, నీళ్ళు బాగా తాగమని పంపించారు.

కిరణాల మాటేమిటని అడిగాను. కడుపు సీ.టీ.కి సుమారు 8 మిల్లీసీవర్టులట. నేలనుంచీ ఆకాశంనుంచీ ప్రపంచంలో సగటు మనిషికి ఏడాదికి 2.4 ఎలాగూ తగులుతూనే ఉంటుంది. అంటే మూడేళ్ళ పైచిలుకు మోతాదు ఒక్కసారిగా. అవసరమైతే జంకవలసింది కాదు; ఊరికే సరదాకి ఒళ్ళంతా చూపించుకోదగిందీ కాదు.

మర్నాడు ఫలితం వచ్చింది. పెద్దపేగు గోడకు చిన్న తిత్తి ఒకటి ఏర్పడి వాచింది. మందులతో తగ్గుతుందన్నారు. గడ్డ జాడ లేదు. ఆ కాగితం రెండుసార్లు చదివించుకుని, గోడమీది నాన్నగారి పటంవంక చూశాను.

సాయంత్రం మా ఆవిడ కాఫీ ఇచ్చింది. ఆర్నెల్లుగా కాఫీలో తీపి తగ్గుతుంటే పంచదార ధర పెరిగిందేమో అనుకున్నాను. నోరు మూసుకుని తాగాను. తరవాత లేచి వెళ్ళి, మాత్రల అట్టను అరణ్యపర్వం వెనకనుంచి తెచ్చి, వంటింట్లో ఉప్పుజాడీ పక్కన పెట్టాను.