అమెరికా ఎంత దూరం? అమ్మనడగండి!

"చికాగోకి ఎన్ని గంటలమ్మా?" అని మొన్న మాదాపూర్‌లో మా పక్క ఫ్లాట్ పిన్నిగారు అడిగారు. కూతురి పురిటికి ఒంటరిగా వెళ్తున్నారావిడ. "దుబాయ్‌లో మారితే ఇరవై రెండు గంటల పైమాటే" అన్నాను. "కూర్చోమంటే ఎన్ని గంటలైనా కూర్చుంటాను. ఆ మారడమే ఎలాగమ్మా!" అన్నారు. నవ్వొచ్చింది గానీ, ఆలోచిస్తే అసలు ప్రశ్న అదే.

లెక్క చూద్దాం. శంషాబాద్ నుంచి చికాగోకి నేరుగా సుమారు 13,300 కిలోమీటర్లు. ఆగకుండా వెళ్తే పదహారు గంటల పైచిలుకు. దుబాయ్ మీదుగా అయితే దాదాపు 14,200 కిలోమీటర్లు. పెరిగింది 900 కిలోమీటర్లే, విమానానికి గంట పని! మరి మిగతా గంటలన్నీ ఎక్కడ పోతున్నాయి? దిగడంలో, మళ్లీ తనిఖీలో, గేటు వెతుక్కోవడంలో, ఎదురుచూడడంలో. ఇంగ్లీషు ధారాళంగా రాని తల్లికి అసలు దూరం అక్కడే ఉంది. చక్కగా నడవగలిగిన వాళ్లు కూడా వీల్‌చెయిర్ అడుగుతారని వెక్కిరిస్తాం. వాళ్లడిగేది కాళ్ల కోసం కాదు, దారి చూపే మనిషి కోసం.

నేరుగా విమానం అసలు లేకపోలేదు. 2021 జనవరిలో ఎయిర్ ఇండియా హైదరాబాద్ నుంచి చికాగోకి వారానికొక సర్వీసు మొదలుపెట్టింది. ఎక్కువ కాలం నిలవలేదు. అంత దూరం ఒక్క బిగిన ఎగరాలంటే ఇంధనం బరువే బోలెడు. ఖరీదైన సీట్లు నిండితేగాని గిట్టుబాటు కాదు. మన తల్లులూ, చదువుకోబోయే పిల్లలూ చవక టికెట్టు చూసుకునేవాళ్లాయె!

అలాగని దూరం ఏమీ తగ్గలేదనలేం. 1998లో ఇక్కడ సైబర్ టవర్స్ ప్రారంభమైననాడు అమెరికా వీసా కావాలంటే చెన్నై పోవాల్సిందే. 2008లో శంషాబాద్ విమానాశ్రయం వచ్చింది. అదే ఏడు బేగంపేటలో అమెరికా కాన్సులేట్ తెరిచారు. 2023లో అది నానక్‌రామ్‌గూడకి, ఐటీ ఆఫీసుల మధ్యకి మారింది. పిల్లలు ఉద్యోగాలు చేసే వీధిలోనే ఇప్పుడు తల్లులు వీసా ఫైలు పట్టుకుని నిలబడుతున్నారు.

తొలి కాన్పుకి కూతురు పుట్టింటికి రావడం మన ఆచారం. ఇప్పుడు పుట్టిల్లే కారప్పొడీ, పచ్చళ్లూ సూట్‌కేసులో సర్దుకుని కూతురి దగ్గరికి పోతోంది. అక్కడ వంట, పసిబిడ్డకి స్నానం, బాలింతకి పథ్యం, అన్నీ అమ్మే. ఐటీ సంపాదన లెక్కల్లో ఈ చాకిరీ ఎక్కడైనా కనిపిస్తుందా? ఇక తండ్రి పోయాడన్న కబురు క్షణంలో అటు చేరుతుంది. కొడుకు మాత్రం మర్నాటికిగాని ఇటు చేరలేడు. ఆ ఒక్కరోజూ ఇంట్లో ఆడవాళ్లెలా గడుపుతారో విమానాల పట్టికలో ఉండదు.

నేరు విమానం మన చేతుల్లో లేదు. కానీ టికెట్టు కొనే పిల్లల చేతుల్లో కొంత ఉంది. కాస్త డబ్బు మిగులుతుందని అమ్మని రెండుచోట్ల మార్చకండి. ఒక్కచోటే, అదీ తీరిగ్గా నడిచి వెళ్లేంత వ్యవధితో మారేలా చూడండి. ఎక్కడ దిగాలో, ఎవరినేం అడగాలో తెలుగులో, పక్కనే ఇంగ్లీషులో రాసివ్వండి. పిన్నిగారికి నేను రాసిచ్చిన కాగితం ఒక్కటే పేజీ. దాన్ని పాస్‌పోర్టు కన్నా జాగ్రత్తగా దాచుకున్నారు.