ప్రయోగానికి ముందు పడవలసిన సంతకం

తెలంగాణ పాఠశాల విద్యాశాఖ సంచాలకులకు,

1897 ఆగస్టు 20న సికింద్రాబాద్‌లో సైనిక వైద్యుడు రొనాల్డ్ రాస్, మలేరియా రోగిని కుట్టిన అనాఫిలిస్ దోమ కడుపు గోడలో ఆ వ్యాధి పరాన్నజీవిని గుర్తించగా, మలేరియాపై చేసిన కృషికి 1902లో ఆయనకు నోబెల్ బహుమతి లభించింది. హుసేన్ ఖాన్ అనే రోగికి దోమకు ఒక అణా చొప్పున చెల్లించి కుట్టించిన ఆ ప్రయోగాన్ని నేటి విద్యార్థి తలపెడితే, విద్యార్థుల అంతర్జాతీయ సైన్స్ పోటీ నియమాలు దాన్ని గడప దాటనివ్వవు.

1950లో ఫిలడెల్ఫియాలో మొదలై, 9 నుంచి 12 తరగతుల విద్యార్థుల పరిశోధనలకు పోటీ వేదికైన అంతర్జాతీయ సైన్స్, ఇంజినీరింగ్ ప్రదర్శన, అంటే ఐసెఫ్, ఫలితంతో పాటు దాన్ని రాబట్టిన పద్ధతిని కూడా పరీక్షిస్తుంది. మనుషులపై అధ్యయనం చేయదలిస్తే, ప్రయోగం మొదలుకాక ముందే సమీక్షా మండలి ఆమోదం ఉండాలి; పాల్గొనేవారి నుంచి, ప్రయోగమేమిటో, అందులోని ప్రమాదమేమిటో తెలిసి ఇచ్చే సమ్మతిని తీసుకోవాలి. హుస్సేన్‌సాగర్ నీటిని ఇంటికి తెచ్చి, వంటగదిలో గాజు పళ్లెంలో బ్యాక్టీరియాను పెంచిన విద్యార్థి ఎంత శ్రద్ధగా లెక్కలు రాసుకున్నా, సూక్ష్మజీవులను ఇంట్లో పెంచడం నిషిద్ధం కనుక ఆ శ్రమ పోటీకి పనికిరాదు. ఇక్కడ కొరవడేది తెలివి కాదు, సకాలంలో దారి చెప్పేవారు.

ఈ లోటు తీర్చడానికి పెద్ద నిధులు అక్కరలేదు. ఒక ఉపాధ్యాయుడు, ఒక పాఠశాల నిర్వాహకుడు, ప్రమాదాన్ని అంచనా వేయగల ఒక వైద్యుడు లేదా మనస్తత్వ నిపుణుడు కలిస్తే మనుషులపై అధ్యయనాలను పరిశీలించే మండలి ఏర్పడుతుంది. అయితే విద్యార్థికి మార్గదర్శిగా ఉన్నవారు ఆ ప్రాజెక్టుపై తీర్పు చెప్పకూడదు. ప్రయోగశాలల కోసం దూరం వెళ్లనవసరం లేదు: తార్నాకలో జాతీయ పోషకాహార సంస్థ, హబ్సిగూడలో కణ, అణు జీవశాస్త్ర పరిశోధన కేంద్రం (సీసీఎంబీ) ఉన్నాయి, బేగంపేటలో రాస్ పేరిట ఉన్న భవనం ఉస్మానియా విశ్వవిద్యాలయానిదే. శాస్త్రవేత్తలను బడిపిల్లలకు చేరువ చేసేందుకు శాస్త్రీయ, పారిశ్రామిక పరిశోధన మండలి (సీఎస్ఐఆర్) 2017లో కేంద్రీయ విద్యాలయాలతో ఆరంభించిన జిజ్ఞాస పథకం ఇలాంటి ఒప్పందానికి నమూనాగా నిలుస్తుంది.

కాబట్టి సికింద్రాబాద్ ప్రభుత్వ పాఠశాలలన్నిటికీ కలిపి ఒక సమీక్షా మండలిని నియమించి, నెలకు రెండు శనివారాలైనా విద్యార్థులు ప్రయోగశాలలో పనిచేసేలా పై సంస్థలతో ఒప్పందం చేసుకోవాలని విజ్ఞప్తి. జూన్‌లో బడులు తెరిచేనాటికి ఆ మండలి సిద్ధంగా ఉంటే, వానాకాలపు దోమల బెడదపై మనుషులను ప్రశ్నించి అధ్యయనం చేయదలచిన విద్యార్థి, దోమలు ముసిరే వేళకే సంతకమైన అనుమతి పత్రంతో పని మొదలుపెట్టగలడు.

ఇట్లు,
సికింద్రాబాద్ విద్యాభిమానులు