తండ్రి బాకీ, బిడ్డ చదువు

కృష్ణా డెల్టాలో పంట మునిగిన యేడు రైతు బ్యాంకు వాయిదా తప్పుట వింత గాదు. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి బెజవాడ పేటలు మునిగినప్పుడు చిన్న వర్తకులకును అట్టి యిక్కట్టే కలిగెను. వాయిదా తప్పినచో సిబిల్ అంకె పడిపోవును. ఆ యంకెను జూపి, తండ్రి పూచీ చాలదని బిడ్డ చదువునకు అప్పు నిరాకరించుట న్యాయమా?

సిబిల్ అంకె తక్కువైనంతమాత్రమున విద్యార్థి దరఖాస్తును త్రోసిపుచ్చరాదని 2023లో కేరళ హైకోర్టు తీర్పు చెప్పెను. తానే బాకీపడిన విద్యార్థికి అది న్యాయమైనచో, తండ్రి బాకీకి బిడ్డను శిక్షించుట యెట్లు తగును? మేము బ్యాంకులను దానము సేయుమనుటలేదు. ఈ ఋణమును తీర్చునది తండ్రి మునిగిన పంట గాదు, బిడ్డ రేపటి సంపాదన. దానినే తూచి చూడుడనుచున్నాము.

మోతుబరులకు నొక మనవి: మీ కౌలుదారుని బిడ్డ చదువునకు పూచీ నిలువుడు. అతని చెమటతోనే గదా మీ గాదెలు నిండినవి!