వాడని చేమంతిని అప్పుచేసి వేయవచ్చునా?

గడచిన రెండు మాసములలో మన సంఘసభ్యులు నలుగురు వేఱువేఱుగా మా యొద్దకు వచ్చి ఒక్కటే ప్రశ్న నడిగిరి. ఎండినను వాడని పువ్వు ఒకటి కలదట, దాని నొక యెకరమున వేసినచో కొనువారు ఇంటికే వత్తురట, విత్తనమునకును కూలికిని సంఘము ఋణ మీయదా, యని వారి ప్రశ్న. అందొకరు విత్తనపు పొట్లమునుగూడ తెచ్చి చూపిరి. పొట్లముపై బొమ్మ మిక్కిలి ముచ్చటగా నున్నది. లోపలి విత్తనములు చిటికెడైనను లేవు. ఈ విషయమున మా యభిప్రాయమును దాచక మొదటనే చెప్పుచున్నాము. ఈ పువ్వునకై ఋణము తీసికొనవలదు. అట్లని పువ్వును విడిచిపెట్టనువలదు. రెండు సెంట్లలో పెంచి చూడుడు. ఎందుచేత నిట్లు చెప్పుచున్నామో తెలియవలెనన్న, ఆ పువ్వు ఎట్టిదో, ఏ నేలదో కొంత తెలిసికొనవలసి యుండును.

మొదట పేరు సంగతి. మన యూళ్లలో కాగితపు పువ్వనగానే ప్రహరీగోడలమీద ప్రాకు బూగన్విల్లా తలపునకు వచ్చును. అది వేఱు, ఇది వేఱు. మేము చెప్పునది చేమంతి కుటుంబములోనిది. దాని స్వదేశము ఆస్ట్రేలియా. ఆ దేశమువారు దీనిని ఎవర్‌లాస్టింగు డెయిసీ యనియు, స్ట్రాఫ్లవరు అనియు పిలుతురు. శాస్త్రజ్ఞులు చాలకాలము హెలిక్రైసమ్ అనుచుండిరి. ఇప్పుడు జీరోక్రైసమ్ బ్రాక్టియేటమ్ అనుచున్నారు. జీరోక్రైసమ్ అను గ్రీకుమాటకు ఎండిన బంగారమని యర్థము. విత్తనపు పొట్లములమీద తఱచుగా పాతపేరే యుండును గనుక రెండు పేరులును గుర్తుంచుకొనుడు. మేమిచ్చట వాడని చేమంతి యనియే వ్రాయుదుము.

ప్రొద్దుతిరుగుడు పువ్వును చీల్చి చూచిన రైతునకు దీని నిర్మాణము చెప్పుట సులభము. మనము ఒక పువ్వనుకొనునది నిజమునకు వందలకొలది చిన్నపువ్వుల గుంపు; ఒక్కొక్క చిన్నపువ్వునుండి ఒక్కొక్క గింజ వచ్చును. ఆ గుంపునకు వెనుకవైపున, క్రిందినుండి దోసిలితో పట్టుకొన్నట్లు, ఆకుపచ్చని పొలుసులు వరుసలుగా నుండును. కుసుమలో ఆ పొలుసులే ముండ్లుగా మాఱి మన చేతులు గీరును. వాడని చేమంతిలో అవియే రంగు తాల్చి, గట్టిపడి, రేకులవలె విచ్చుకొనును. ప్రొద్దుతిరుగుడునకు అంచున నుండు పచ్చని రేకులవంటివి దీనికి లేనేలేవు. పువ్వు పూర్తిగా విచ్చునాటికి ఆ పొలుసులలోని కణములు చచ్చి, గోడలు మాత్రము మిగిలి యుండును. మల్లె వాడుటయన్నను, బంతి వాడుటయన్నను రేకులలోని నీరు పోయి మెత్తని కండ ముడుచుకొనుటయే గదా. దీనిలో పోవుటకు నీరే యంతగా లేదు. అందుచేతనే వ్రేలితో తాకినపుడు కాగితమువలె గలగలలాడును. నీడను దాచినచో ఏడాది గడచినను రూపు చెడదు.

ఇందొక వింత కలదు. గాలి తేమగా నున్నప్పుడు ఈ పొలుసులు లోపలికి ముడుచుకొనును. గాలి పొడియైనపుడు మరల విచ్చును. ప్రాణములేని కణములు కదలుట యెట్లన్న, పొలుసు మొదట కీలువంటి చోటొకటి యున్నది. అచ్చట ఒకవైపునగల కణముల గోడలు తేమను పీల్చి రెండవవైపుకంటె హెచ్చుగా ఉబ్బును. దానితో పొలుసు వంగును. ఎండిన పువ్వును నీట ముంచినచో కొంతసేపటికి మొగ్గవలె మూసికొనును, ఎండలో నుంచినచో తెఱచుకొనును. మా యింటి పిల్లలు ఒక్కటే పువ్వును ఒక దినమెల్ల ఇట్లు మూయించుచు తెఱపించుచు నుండిరి. పిల్లలకిది యాట. అమ్మదలచిన రైతు మాత్రము దీనిని హెచ్చరికగా చూడవలెను. ఏలన కోసిన పిమ్మటగూడ ఈ పువ్వు గాలిలోని తేమను విడువక పీల్చుచుండు వస్తువు.

ఇక దాని నేల. ఆస్ట్రేలియాలో ఇట్టి కాగితపు చేమంతులు పెక్కుజాతులు కలవు. బంగారురంగుది ఆ దేశమున చాలచోట్ల మొలచును. గులాబిరంగుదియు తెల్లనిదియునగు రొడాంతీ యను జాతి పశ్చిమ ఆస్ట్రేలియాది. పెర్తు నగరమునకు ఉత్తరమున మింగెన్యూ, ముల్లెవా, మొరావా యను గోధుమపంట యూళ్లు కలవు. అచ్చటి వానలు చలికాలపు వానలు; మే మొదలు ఆగస్టువఱకు కురియును. వాన సరిగా పడిన యేట ఆగస్టు, సెప్టెంబరు మాసములలో ఇర్విను నదియొడ్డుననున్న కోల్‌సీము వనమున నేల కనబడకుండ ఈ పువ్వులు పఱచుకొనును. వాన చాలని యేట అంత పూత రాదు. ఏకవార్షికములగు ఈ మొక్కలు వానతో మొలచి, ఎండలు ముదురకముందే పూచి, గింజ రాల్చి చచ్చును. తరువాత వేసవినంతయు నేలలో నుండునది గింజయే. పొడిగాలి, చలిరాత్రులు, నీరు నిలువని నేల, ఈ మూటితోనే దాని బ్రదుకు.

గోధుమకొఱకు అడవిని నఱకిన మేర ఈ పువ్వులు పోయినవి. బాటల ప్రక్కలను, రక్షితవనములలోను, దున్నని తుండ్లలోను మిగిలినవి. ప్రభుత్వభూమిలో అనుమతిలేక ఒక్క కట్టయు కోయరాదు. 2016లో ఆ రాష్ట్రమున చేసిన జీవవైవిధ్య చట్టము ప్రకారము, తన సొంతనేలలో తనంత మొలచినదానినైనను అమ్మదలచినవాడు అనుమతిపత్రము పొందవలెను. అమ్మకమునకు వేలకొలది కట్టలు కావలెనన్న అడవిమీద పడక మడి కట్టి విత్తుట యొక్కటే దారియని వారు గ్రహించిరి.

ఈ పువ్వు దేశము దాటినదియు విత్తనముగానే. ఫ్రాన్సున నెపోలియను భార్య జోసెఫీనుయొక్క మాల్‌మెజాను తోటలో పెరిగిన బంగారురంగు మొక్కను చూచి వెంతెనా యను శాస్త్రజ్ఞుడు 1803లో దానిని వర్ణించెను. కెప్టెను జేమ్సు మాంగిల్సు స్వాను నదీప్రాంతమునుండి ఇంగ్లండునకు చేర్చిన గులాబిరంగు జాతికి 1834లో లిండ్లీ అతని పేరే పెట్టెను. ఆ మాంగిల్సు కోరికమీదనే జార్జియానా మొల్లాయ్ అను వలసకుటుంబపు గృహిణి పశ్చిమ ఆస్ట్రేలియా నైఋతి మూలనుండి అడవిమొక్కల విత్తనములను సేకరించి ఓడమీద పంపుచుండెడిది. పిల్లల పెంపకము, ఇంటిపని, ఒంటరి కాపురము నడుమ ఆమె గింజలను శుభ్రపఱచి, ఏ గింజ ఏ మొక్కదో తెలియునట్లు ఎండబెట్టిన కొమ్మకును పొట్లమునకును ఒకటే అంకె వేసి పంపెను. 1843లో ముప్పదియేడేండ్ల వయసున చనిపోయెను. విత్తనపు పొట్లముమీద రకము పేరుగాని, విత్తిన తేదిగాని వ్రాయని మన సభ్యులు ఆమెను తలచుకొనిన మాకు సంతోషము.

మేము గత శీతకాలమున మా పెరటిలో రెండు మళ్లు వేసితిమి. అక్టోబరు చివర వంగనారు పోసిన యలవాటుచొప్పున గింజలపై మన్ను కప్పితిమి. మొలచినవి వ్రేళ్లమీద లెక్కింపదగినవి. ఈ గింజకు వెలుతురు తగులవలెనను మాట చదివియు మఱచితిమి. మరల పైపైన చల్లి, తడి ఆఱకుండ చూచినచో పదిదినములలో నారు కనబడెను. నాటిన పిమ్మట, పైరు సన్నగా నున్నదని ఒక పిడికెడు యూరియా వేసితిమి, అదియు తప్పే. కాడలు మెత్తగా పెరిగి గాలికి ఒరిగినవి. అన్నిటికంటె పెద్ద పొరపాటు కోతలో జరిగినది. పూర్తిగా విచ్చిన పువ్వు బాగుండునని ఆగితిమి. అట్టివి ఎండినకొలది ఇంకను విచ్చి, రేకులు వెనుకకు తిరిగి, నడుమ దూదివలె లేచి రాలిపోయినవి. వెలుపలి వరుసలు రెండు మూడు విచ్చి, నడుమ ఇంకను మూసియున్నప్పుడే కోయవలెను. మిగిలినది ఎండునపుడు తానే విచ్చును. ఆకు దులిపి, చిన్నచిన్న కట్టలు కట్టి, గాలియాడు చీకటిగదిలో తలక్రిందుగా వ్రేలాడదీయవలెను. మేము కట్టలు లావుగా కట్టి వంటింటి వెనుకగదిలో నుంచితిమి. అకాలపు ముసురు నాలుగుదినములు పట్టి లోపలి పువ్వులకు బూజు పట్టెను. కాడ ఎండిన పిమ్మట పువ్వు బరువును మోయలేక వంగుటయు కలదు. అందుచేత వ్యాపారులు పచ్చిగా నున్నప్పుడే సన్నని తీగ గ్రుచ్చుదురు. ఈ పని యంతయు చేతితోనే. ఎకరమునకు ఎందఱు మనుష్యులు కావలెనో అప్పు అడుగువారు లెక్కవేసి చూచిరా?

ఎండుపువ్వుల వర్తకము మన దేశమున లేకపోలేదు. తూత్తుకుడినుండియు కలకత్తానుండియు ఎండుపువ్వులు ఓడలమీద విదేశములకు పోవుచున్నవి. కాని ఆ వర్తకమున ధర పొలమున పుట్టుటలేదు. ఎండబెట్టు కొట్టమునను, రంగుచొప్పున పొడవుచొప్పున ఏర్పఱచు బల్లయొద్దను పుట్టుచున్నది. కొట్టము లేని రైతు పచ్చిపువ్వును దళారి చెప్పిన వెలకు ఇచ్చితీరవలెను. వేరుసెనగ ధర పడిపోయిన గానుగకైనను పట్టుకొనిపోవుదుము; కందులు మిగిలిన వండుకొందుము. ఈ పువ్వు మిగిలినచో ఏమి చేయుదుము? ఋణపు గడువు మాత్రము దాని కొఱకు ఆగదు. సముద్రతీరపు గ్రామములవారికి గాలిలోని తేమ మఱియొక చిక్కు. మాఘ ఫాల్గుణములలో గాలి పొడిగా నుండు లోనాటి మెట్టగ్రామములవారికి కొంత మేలు.

అయినచో చేయదగినదేమి? విత్తనపు పొట్లము కొనుటకుముందు గునుగుతో చేయి తిప్పుకొనుడని మా సలహా. తెలంగాణమున బతుకమ్మలో పేర్చు ఈ పువ్వు చేమంతి కుటుంబములోనిది కాదు, తోటకూర కుటుంబములోనిది. అయినను దాని పూరేకులును పొరవలె పలుచనై, ఎండినను రూపు చెడనివే. జొన్నచేనిలోను గట్లమీదను ఉచితముగా దొరకును. ఈ యేడు గింజ రాలకముందే కోసి, పది కట్టలు నీడను ఆఱబెట్టి, సంక్రాంతివఱకు నిలిపి చూడుడు. ఎన్ని కట్టలు రంగు నిలుపుకొన్నవి, ఎన్నింటికి పురుగు పట్టెను, మీ యింట గాలియాడు గది యున్నదా లేదా, ఇవన్నియు ఒక్క రూపాయి అప్పులేక తెలియును. పది కుటుంబములవారు ఇట్లు నిలిపి చూపగలిగినచో, సంఘపు గిడ్డంగిలో ఖాళీగానున్న ఉత్తరపుగదిని ఎండబెట్టుటకు ఇమ్మని మేమే పాలకవర్గమును అడిగెదము. అప్పుడు ఋణము మాట వచ్చినను అది సంఘమంతటి మాటయగును.

మా మళ్లలో దక్కిన విత్తనము మూడు చిన్నమళ్లకు సరిపోవును. కావలసినవారు దసరాలోపల కార్యదర్శిగారియొద్ద పేరు వ్రాయించుకొనవలెను. గునుగు కట్టలు తెచ్చి చూపినవారికి ముందుగా ఇత్తుము.